వానాకాలపు ఆకు, వేసవి గొర్రెపిల్ల

బెంగళూరులోని కుందలహళ్ళికి ఇవాళ మెట్రోలో వెళ్ళొచ్చు. కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ 2023 మార్చిలో మొదలైంది. ఆ దారిలో ఈ ఊరి పేరుతో ఒక స్టేషన్ ఉంది. దిగితే సాఫ్ట్‌వేర్ కంపెనీలు, అపార్ట్‌మెంట్లు, పీజీ హాస్టళ్ళు, వాటి మధ్య ఆంధ్రా మెస్సులు. ఆదివారం మధ్యాహ్నం మటన్ కోసం అక్కడ వరస కట్టే మన పిల్లల్లో ఎవరూ ఆ పొట్టేలు ఏప్రిల్ నెలలో ఏం తిని బతికిందని అడగరు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. పొట్టేలు ఎంత బరువు తూగుతుంది, ఎన్ని నెలలకు అమ్మకానికి వస్తుంది, కాపరి చేతికి ఎంత మిగులుతుంది అనేవన్నీ చాలావరకు ఆ ఏప్రిల్ మేత దగ్గరే తేలిపోతాయి.

ఈ ప్రశ్నకు పాత జవాబు ఒకటి ఆ ఊరి చెరువు దగ్గరే ఉంది. బెంగళూరు చుట్టుపక్కల పల్లెలకు చెరువు, గోమాళం, గుండుతోపు అని మూడు ఉమ్మడి ఆస్తులుండేవి. గోమాళం ఊరి పశువుల బీడు. గుండుతోపు మామిడి, చింత, నేరేడు, కానుగ లాంటి చెట్లు పెంచిన ఊరుమ్మడి తోట. నగరం పెరిగేకొద్దీ ఈ నేలలు రోడ్లుగా, భవనాలుగా ఎలా మారిపోయాయో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయానికి చెందిన హరిణి నాగేంద్ర, సీమా ముండోలి తమ పరిశోధనల్లో నమోదు చేశారు. మేత దృష్టితో చూస్తే ఈ మూడూ కలిసి ఒక పంచాంగం. వాన నెలల్లో గోమాళం. కోతలయ్యాక చేలల్లో మోళ్ళు. ఎండలు ముదిరాక తోపులో రాలిన ఆకూ కాయా. చివరికి, చెరువు నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ బురద అంచున మొలిచే పచ్చిక. చెరువు నీళ్ళతోపాటు మేతనూ దాచిపెట్టేదన్నమాట. మన కాపరులకు గడ్డి కోసి, ఆరబెట్టి, దాచే అలవాటు పెద్దగా లేదని వెటర్నరీ పుస్తకాలు కాస్త విసుగ్గా రాస్తుంటాయి. అది బద్ధకం కాదు. దాచే పని నేలే చేసిపెట్టేది.

రాయలసీమ, పాలమూరు కాపరులు ఇంకో ఉపాయం పట్టారు. మేతను మంద దగ్గరికి తేవడం మాని, మందనే మేత దగ్గరికి తోలుకుపోవడం. వేసవి వస్తే డెల్టా పొలాలకో, అడవి అంచులకో వలస. రాత్రిపూట రైతు చేలో మంద పెట్టినందుకు ఎరువు ఆ రైతుకు, ధాన్యమో డబ్బో కాపరికి. గొప్ప ఏర్పాటే. కానీ రెండో పంటా మూడో పంటా వేసే పొలాల్లో మందకు చోటు లేదు, నాలుగు వరుసల రహదారి దాటడానికి దారీ లేదు.

ఇది చిన్న విషయం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7 కోట్ల 43 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు, కర్ణాటకలో 1 కోటి 11 లక్షలు. అంటే దేశపు గొర్రెల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఈ మూడు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీపై పంచింది. తలల లెక్క పెరిగింది. బీడు మాత్రం పెరగలేదు. నా దృష్టిలో ఇలాంటి ఏ పథకమైనా గొర్రెను కొనకముందు గడ్డివామి గురించి ఆలోచించాలి.

పుట్టే నెల, ఎండే నెల

గొర్రె చూలు దాదాపు అయిదు నెలలు. తొలకరి పడి పచ్చిక లేవగానే తల్లులు ఒంట్లో సత్తువ పుంజుకుని ఎదకు వస్తాయి. జూన్, జులైల్లో చూలు కట్టినవి నవంబరు, డిసెంబరుల్లో ఈనుతాయి. అప్పటికి చేలల్లో కోత మిగుళ్ళు ఉంటాయి కాబట్టి తల్లికి పాలు బాగానే పడతాయి. పిల్ల మూడు నెలలు పాలు తాగి, ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో పాలు మానుతుంది. సరిగ్గా అప్పుడే బీడు ఎండిపోతుంది.

పిల్లకు సొంతంగా మేసి బతకాల్సిన రోజులు ఎప్పుడు మొదలవుతాయో, మేతలో బలం అప్పుడే అడుగంటుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా గొర్రెపిల్లలో ఎముక, కండ వేగంగా పెరిగే కాలం. ఆ మూడు నెలలూ మన దగ్గర మార్చి, ఏప్రిల్, మే. మంగోలియాలో మంచు గడ్డిని కప్పేస్తే దాన్ని ‘జుద్’ అంటారు. 2009-10 చలికాలంలో అలాంటి జుద్ ఆ దేశపు పశుసంపదలో దాదాపు అయిదో వంతును తీసుకుపోయింది. చలిదేశాల రైతు ఆ భయంతోనే ఎండుగడ్డి దాచడం నేర్చుకున్నాడు. మనకు అలాంటి కాలం ఏప్రిల్‌లో వస్తుంది, కానీ ఒక్కసారిగా చంపదు. పిల్ల బతికే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. కళ్ళకు కనపడని నష్టం కాబట్టి లెక్కలోకి రాదు.

తొలకరి పడ్డాక అదే పిల్ల మళ్ళీ పచ్చిక తిని పుంజుకుంటుంది కదా అని కాపరి అంటాడు. అందులో నిజముంది. మేత తగ్గి మళ్ళీ పెరిగినప్పుడు పశువు మామూలు కంటే వేగంగా ఎదిగి కొంత లోటు పూడ్చుకుంటుంది. అయితే పూర్తిగా పూడ్చుకోవడం ఆ లోటు ఏ వయసులో వచ్చింది, ఎంత తీవ్రంగా వచ్చింది అన్న దానిమీద ఆధారపడుతుంది. ఏడాది పొట్టేలు రెండు నెలలు సన్నబడితే తిరిగి కోలుకుంటుంది. మూడు నెలల పిల్ల అలా ఎండితే దాని చట్రమే చిన్నదైపోయే ప్రమాదం ఉంది. పైగా పూడ్చుకునే నెలలన్నీ కాపరి అదనంగా సాకాల్సిన నెలలే.

మనం మేపేది ఎవరిని?

పుట్టినప్పుడు గొర్రెపిల్ల నెమరువేసే జంతువు కాదు. దాని పొట్టలో నాలుగు గదులున్నా పని చేసేది నాలుగోది ఒక్కటే. తాగిన పాలు మొదటి గదిలో పడకుండా, మెడగొట్టం చివర కండరాలు ముడుచుకుని ఏర్పడే ఒక కాలువ గుండా నేరుగా నాలుగో గదికి చేరతాయి. రెండు వారాల వయసులో పిల్ల ఆకు కొరకడం మొదలుపెడుతుంది. మేతతోపాటు, తల్లి నోటి నుంచీ చుట్టుపక్కల నుంచీ సూక్ష్మజీవులు మొదటి గదిలోకి చేరతాయి. దాన్నే రూమెన్ అంటారు. రెండు నెలలు వచ్చేసరికి ఆ గది పెద్దదై, పులియబెట్టే తొట్టిలా పనిచేస్తుంది.

ఆ ఎదుగుదల రెండు రకాలు. గది పరిమాణం, గోడ కండరం పెరగడానికి పీచుమేత కావాలి. లోపలి గోడకు వేలకొద్దీ సన్నని పొడుగైన మొలకలు రావడానికి మాత్రం గింజ దాణా కావాలి. గింజ పులిసినప్పుడు పుట్టే బ్యుటిరిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలే ఆ మొలకలను పెంచుతాయి. పోషకాలను రక్తంలోకి పీల్చేది ఆ మొలకలే. అందుకే రెండో వారం నుంచే పిల్ల ముందు గుప్పెడు దాణా పెట్టమని పశుపోషణ శాస్త్రం చెబుతుంది. పిల్ల దూరగలిగి తల్లి దూరలేని చిన్న సందున్న తడిక కట్టి, దాని వెనక తొట్టి పెడతారు. మొదట్లో పిల్ల తినేది అతి కొద్ది. ఆ కొద్ది దాని పొట్టను మార్చికి సిద్ధం చేస్తుంది.

ఒకసారి రూమెన్ పనిలోకి దిగాక, మనం మేపేది గొర్రెను కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులను. గడ్డిలోని పీచును జీర్ణించే ఎంజైములు గొర్రెకు లేవు, వాటికే ఉన్నాయి. అవి పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారిస్తే గొర్రెకు శక్తి. అవి తామే పెరిగి, పేగుల్లోకి జారి అరిగిపోతే గొర్రెకు మాంసకృత్తులు. అయితే ఆ సూక్ష్మజీవులకూ నత్రజని కావాలి. మేతలో ముడి మాంసకృత్తులు ఏడెనిమిది శాతం కంటే తగ్గితే వాటి పని మందగిస్తుంది. పీచు జీర్ణం కాదు. జీర్ణం కానిది కదలదు. పొట్ట నిండే ఉంటుంది కాబట్టి పిల్ల ఇంకా తినలేదు. ఎండు చొప్ప ఎంత పోసినా పిల్ల చిక్కిపోవడంలో ఉన్న మర్మం ఇదే: నిండు కడుపుతో ఆకలి.

ఇప్పుడు అంకెలు చూడండి. వరిగడ్డి, జొన్నచొప్ప, రాగిగడ్డిలో ముడి మాంసకృత్తులు నాలుగు శాతం అటూ ఇటూ. కుందలహళ్ళి నుంచి తూర్పుగా హొసకోట దాటి కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వెళ్తే తెలుగు మాట్లాడే ఇళ్ళ పెరట్లో కనిపించే పెద్ద వామి రాగిగడ్డిదే. వరిగడ్డి కంటే బాగా అరుగుతుంది, మంచి మేతే. మాంసకృత్తుల విషయంలో మాత్రం అదీ పేదదే. కాయ తీశాక మిగిలే వేరుశనగ కట్టెలో పది శాతం చుట్టూ ఉంటాయి. సుబాబుల్, అవిశ ఆకుల్లో ఇరవై దాటతాయి. ఎదిగే పిల్లకు మొత్తం మేతలో పద్నాలుగు శాతమైనా ఉండాలి. ఎక్కువున్నవన్నీ ఆకులు, తక్కువున్నవన్నీ కాడలు. మేత దాచడం అంటే నిజానికి ఆకును దాచడమే. ఏ పద్ధతి మంచిదో తేల్చాలంటే ఒకటే కొలత: కార్తీకంలో చేలో ఉన్న ఆకులో ఎంత భాగం చైత్రంలో పిల్ల నోటికి చేరింది?

అనంతపురం కట్టె చెప్పిన సంగతి

దీనికి మన దగ్గరే చక్కని రుజువుంది. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే రైతుకు కాయ డబ్బు తెస్తుంది, కట్టె పశువుల కడుపు నింపుతుంది. దశాబ్దాలపాటు అక్కడ రాజ్యమేలిన రకం టీఎంవీ-2. అది 1940లో విడుదలైంది. దాని స్థానంలోకి వచ్చిన వాటిలో ఒకటి మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రూపొందించిన ఐసీజీవీ 91114. బెట్టను కొంత తట్టుకుంటుంది, త్వరగా కోతకు వస్తుంది. రైతులు దాన్ని ఇష్టపడటానికి కాయ ఒక్కటే కారణం కాదు. కోత నాటికి ఆకు పచ్చగా నిలిచి ఉండటం, ఆ కట్టె మేపిన పశువులు పాలు ఎక్కువ ఇవ్వడం కూడా కారణాలే.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలోనే అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ ఇల్రి కూడా పనిచేస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు పది వేరుశనగ రకాల కట్టెను విడివిడిగా గొర్రెలకు మేపి చూశారు. దాణా లేదు, పచ్చిమేత లేదు, కట్టె ఒక్కటే. రోజువారీ బరువు పెరుగుదల ఒక రకంపై 65 గ్రాములుంటే, ఇంకో రకంపై 137 గ్రాములు. 2010లో వెలువడిన ఈ ఫలితాన్ని నేను తరచూ తలుచుకుంటాను. చూడటానికి రెండూ వేరుశనగ కట్టే. వామిలో వేస్తే పక్కింటి రైతు కూడా తేడా చెప్పలేడు. పొట్టేలు మాత్రం ఒకదాని మీద రెండింతలు పెరిగింది. ఆ 137 గ్రాములు సాధారణంగా దాణా పెట్టి పెంచితే వచ్చే పెరుగుదల.

కట్టెలో నత్రజని ఎంత, ఎంతవరకు అరుగుతుంది అన్నవే ఈ తేడాకు కారణాలు. చేలో మాత్రం ఇంకో కథ కూడా నడుస్తుంది. తిక్కా ఆకుమచ్చ తెగులు, తుప్పు తెగులు వస్తే పీకే నాటికే ఆకు సగం రాలిపోతుంది. పీకాక కాయ కోసం కుప్పలు వేసి ఎండలో పడేస్తే మిగిలింది గలగల రాలుతుంది. ఆఖరికి వామికి చేరేది పుల్ల. ఆకుమచ్చకు మందు కొట్టాలా వద్దా అని లెక్క వేసేటప్పుడు రైతు కాయ ఒక్కటే చూసుకుంటాడు. కొట్టంలోని పిల్లలను కూడా ఆ లెక్కలో కలిపితే జవాబు మారవచ్చు.

వ్యాపారులకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. హైదరాబాదు డెయిరీలకు జొన్నచొప్ప అమ్మే అంగళ్ళను ఇల్రి శాస్త్రవేత్త మైఖేల్ బ్లూమెల్, ఇక్రిశాట్ ఆర్థికవేత్త పార్థసారథిరావు పరిశీలించారు. ప్రయోగశాలలో కొలిస్తే చొప్ప అరిగే గుణం 47 శాతం నుంచి 52 శాతం మధ్యే ఉంది. అయిదు పాయింట్ల తేడా. ధరలో మాత్రం ఆ తేడా నాలుగో వంతు దాకా పలికింది. యంత్రం లేకుండానే ఆకునూ కాడనూ చూసి కొనేవాడు పట్టేశాడు. పాల పశువు యజమాని ఆకుకు ధర కట్టాడు. గొర్రెల కాపరి ఇంకా కట్టలేదు.

ఎండబెట్టడం, పాతర వేయడం

ఎండుగడ్డి చేయడం సులువుగా కనిపించే కష్టమైన పని. పైరు సగం పూతకు వచ్చినప్పుడు కోయాలి. ఇంకా ముదిరాక కోస్తే బరువు పెరుగుతుంది కానీ కాడలో లిగ్నిన్ చేరి పీచు గట్టిపడుతుంది, సూక్ష్మజీవులకు కొరుకుడు పడదు. వామి పెద్దగా కనపడాలన్న ఆశే మన మేతకు పెద్ద శత్రువు. కోశాక తేమ పదిహేను శాతం దగ్గరికి రావాలి. అంతకంటే తడిగా వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. అలసంద, పిల్లిపెసర, దశరథగడ్డి, స్టైలో లాంటి పప్పుజాతి మేతల్లో కాడ ఆరేలోగా ఆకు పెళుసెక్కి రాలుతుంది. అందుకని వాటిని మట్టమధ్యాహ్నం తిప్పకూడదు. పొద్దున మంచు తడి ఉండగానే తిప్పాలి, వీలైతే నీడలో ఆరబెట్టాలి. ఎక్కువ ఎండ తగిలితే విటమిన్ ఎ కి మూలమైన కెరొటీన్ కూడా పోతుంది. ఆకుపచ్చ రంగు మిగిలిన ఎండుగడ్డి మంచిదని పెద్దలు చెప్పే మాటలో శాస్త్రం అదే.

పాతర గడ్డి, అంటే సైలేజి, వేరే దారి. దాన్ని ఎండబెట్టరు, పులియబెడతారు. మొక్కజొన్ననో జొన్ననో గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూస్తారు. తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా మొక్కలోని చక్కెరలను ఆమ్లంగా మార్చి, పీహెచ్‌ను నాలుగు దగ్గరికి దించుతాయి. ఆ పులుపులో కుళ్ళబెట్టే క్రిములు బతకలేవు. దాదాపు నెలన్నరలో మేత సిద్ధం. ఫిన్లండ్ రసాయన శాస్త్రవేత్త ఆర్తురి విర్తానెన్ ఈ పులుపును ప్రకృతికి వదలకుండా, తానే పలుచని ఆమ్లం కలిపి పీహెచ్‌ను నాలుగు కంటే కిందికి దించాడు. మాంసకృత్తులు చెడిపోవడం బాగా తగ్గింది. గడ్డి దాచే పద్ధతి కనిపెట్టినందుకు ప్రధానంగా ఆయనకు 1945లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. పశువుల మేతకు నోబెల్ ఏమిటని నవ్వేవాళ్ళు స్వీడన్ విజ్ఞాన అకాడమీని అడగాలి.

పాతరలో ఆకు రాలదు. వానలోనూ వేయొచ్చు. మన కోతలు తరచుగా వానలో తడుస్తాయి కాబట్టి ఇది పెద్ద లాభమే. చిన్న మందకు గొయ్యి తవ్వక్కర్లేదు, ప్లాస్టిక్ పీపాలూ మందపాటి సంచులూ చాలు. అయినా పాలు తాగే పిల్లకు సైలేజిని నేను మొదటి మేతగా చెప్పను. అందులోని మాంసకృత్తుల్లో చాలా భాగం పులిసేటప్పుడే విడిపోయి ఉంటుంది. తడి ఎక్కువ కాబట్టి చిన్న పొట్ట త్వరగా నిండుతుంది. సరిగా మూయని పాతరలో, మట్టి కలిసిన చోట, లిస్టీరియా అనే బాక్టీరియా పెరుగుతుంది. అది మెదడుకు చేరితే గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి చస్తుంది. తల్లికి సైలేజి పెట్టండి, పాలు పెరుగుతాయి, ఆ పాలు పిల్లకు చేరతాయి. పిల్లకు మాత్రం ఆకున్న ఎండుమేతతో మొదలుపెట్టి, మూడో నెల దాటాక మెల్లగా సైలేజి అలవాటు చేయడం నయం.

యూరియాతో గడ్డి మాగబెట్టడం అందరూ వినే ఉంటారు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై అరవై లీటర్ల నీళ్ళలో కరిగించి చల్లి, మూడు వారాలు గాలాడకుండా కప్పిపెట్టాలి. పెద్ద పశువులకు బాగుంటుంది. రూమెన్ ఇంకా పూర్తిగా కుదురుకోని పిల్లలకు ఇది వద్దు.

గుప్పెడు దాణా ఏం చేస్తుంది

పన్నెండు కిలోల పిల్ల తడి తీసేసి లెక్కిస్తే రోజుకు 450 గ్రాముల దాకా తింటుంది. పద్నాలుగు శాతం లెక్కన దానికి 63 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రాగిగడ్డి ఒక్కటే పోస్తే, అదంతా తిన్నా దక్కేది 18. అదీ తినలేదు, పైన చెప్పిన కారణం వల్ల. ఆకు నిలిచిన వేరుశనగ కట్టె 300 గ్రాములు పెడితే 30 వస్తాయి. ఇరవై శాతం మాంసకృత్తులున్న దాణా 150 గ్రాములు కలిపితే ఇంకో 30. లెక్క దాదాపు సరిపోయింది. ఆ దాణాను ఇంట్లోనే కలుపుకోవచ్చు: నలిపిన మొక్కజొన్న 45 పాళ్ళు, వేరుశనగ చెక్క 30, తవుడు 22, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1.

ఇందులో ఒక మెలిక ఉంది. కొద్దిపాటి దాణా మేతను తగ్గించదు, పెంచుతుంది. చెక్కలోని నత్రజని అందగానే సూక్ష్మజీవులు చురుకవుతాయి, చొప్ప త్వరగా అరుగుతుంది, పిల్ల ఇంకా తింటుంది. ఒక హద్దు దాటి గింజ పెడితే కథ తిరగబడుతుంది. పిండిపదార్థం వేగంగా పులిసి రూమెన్‌లో ఆమ్లం పెరుగుతుంది, పీచు తినే క్రిములు చస్తాయి. అప్పుడు దాణా మేతకు తోడు కాదు, మేతను పక్కకు నెట్టే ఖరీదైన సరుకు. బక్రీద్‌కు ముందు తొందరగా బలిపించాలని గింజ కుమ్మరించేవాళ్ళు ఈ హద్దు దగ్గరే దెబ్బ తింటారు. తెగబలిసిన పిల్లే చిటుక రోగానికి ముందు పడుతుంది. పేగుల్లో మామూలుగా ఉండే ఒక క్లాస్ట్రిడియం బాక్టీరియా అకస్మాత్తుగా వచ్చిపడిన పిండిపదార్థంతో విజృంభించి విషం వదులుతుంది. తొలకరి పచ్చిక ఆబగా తిన్నప్పుడూ ఇదే జరుగుతుంది. టీకా వానలకు ముందే వేయించాలి. మేత మార్పు పది రోజులకు తగ్గకుండా, కొంచెం కొంచెంగా చేయాలి.

చెక్కకు బదులు చెట్టు ఆకు వాడొచ్చా అంటే, నిక్షేపంగా వాడొచ్చు. గట్ల మీద అవిశ, సుబాబుల్, గ్లిరిసిడియా పెంచి కొమ్మలు నరికి ఎండబెడితే ఆకు బంగారమే. సుబాబుల్‌లో మాత్రం మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. ఎక్కువైతే బొచ్చు రాలుతుంది, గొంతుగ్రంథి ఉబ్బుతుంది. ఆస్ట్రేలియాలో ఇది పెద్ద సమస్య, హవాయిలో మేకలు మాత్రం అదే ఆకు హాయిగా తినేవి. తేడా పశువులో లేదు, పొట్టలోని సూక్ష్మజీవుల్లో ఉందని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఊహించాడు. 1980ల మొదట్లో హవాయి నుంచి ఆ సూక్ష్మజీవులను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించి చూస్తే విషం విరిగింది. తర్వాత ఆ బాక్టీరియాకు ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సియై అని పేరు పెట్టారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. మొత్తం మేతలో సుబాబుల్ మూడో వంతు మించకుండా చూసుకుంటే చాలు.

బూజు విషయంలో మాత్రం రాజీ వద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఏదో తెలియని జబ్బుతో చచ్చిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు అని తేలింది. అఫ్లటాక్సిన్ ప్రపంచానికి తెలిసింది అలాగే. వానలో తడిసిన వేరుశనగ కాయ నుంచి ఆడిన చెక్క చవగ్గా దొరికినా పిల్లకు పెట్టొద్దు. లేత జొన్న మోళ్ళ దగ్గరా ఇదే జాగ్రత్త. బెట్టకు వాడిన పిలకల్లో సైనైడు పుట్టే పదార్థం ఎక్కువ. అదే జొన్నను పూతకు వచ్చాక కోసి బాగా ఎండబెడితేనో పాతర వేస్తేనో ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

మాంసకృత్తులు సరిగా అందిన పిల్లకు ఇంకో లాభం ఉంది. పొట్టలో రక్తం పీల్చే పురుగుల దెబ్బను అది ఎక్కువ తట్టుకుంటుంది. డీవార్మింగ్ మందులు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న మాటేమీ కాదు.

సలహాకు దూరం పోనక్కర్లేదు. కుందలహళ్ళి నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే, ఆడుగోడిలో, జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ 1995 నుంచి పశువుల మేత మీదే పనిచేస్తోంది. ఆ ప్రాంతం పశుశాస్త్రానికి పాత చిరునామా కూడా. 1923లో మొదలైన ఇంపీరియల్ పశుపోషణ, పాడి సంస్థ అక్కడే ఉండేది. 1927లో గాంధీ కొన్నాళ్ళు అందులో పాఠాలు విన్నారు. పలమనేరులో గొర్రెల మీద పనిచేసే పశు పరిశోధన స్థానం చిత్తూరు వైపు వాళ్ళకు దగ్గర. సమాచారానికి కొరత లేదు, అది కాపరి దాకా నడిచి రావడానికి కొరత.

ఇరవై తల్లుల మంద ఉన్నవాళ్ళ కోసం ఒక లెక్క చెప్పి ఈ అధ్యాయం ముగిస్తాను. పద్దెనిమిది పిల్లలు నిలిచాయనుకోండి. మార్చి నుంచి జూన్ మొదటి దాకా వంద రోజులు. పిల్లకు రోజుకు 300 గ్రాముల కట్టె అంటే మొత్తం 540 కిలోలు, వదిలేసే పుల్ల కలిపితే 600. దాణా 150 గ్రాముల చొప్పున 270 కిలోలు. ఎండు బీడు మీద రోజుకు 40 గ్రాములు పెరిగే పిల్ల ఈ మేతతో 100 గ్రాములు పెరిగితే, ఒక్కో పిల్లకు అదనంగా 6 కిలోలు, మందకు 108 కిలోల బరువు. మీ ఊళ్ళో దాణా ధర, పొట్టేలు ధర వేసుకుని మీరే చూసుకోండి. గిట్టుబాటు కాదనిపిస్తే ముందు దాణా తగ్గించండి, కట్టె తగ్గించకండి. వేరుశనగ పీకేటప్పుడే ఆకు బాగా ఉన్న మడి ఒకటి ఎంచి, దాని కట్టెను పాడి పశువుల వామిలో కలపకుండా, నీడన ఆరబెట్టి, పిల్లల పేరున విడిగా వామి వేయించండి.